ముందు గుడి, తరవాత చీరమేను

కాకినాడ నుంచి ఒక్కరోజులో ద్రాక్షారామం, యానాం, కోరంగి మూడూ చుట్టి రావచ్చు. దూరాలు చిన్నవే, చిక్కల్లా వరసతోనే. యానాం వెళ్ళి చేప తినకుండా వస్తే పరువు తక్కువ, చేప తిని గుడి మెట్లెక్కితే మా అమ్మమ్మ ఊరుకోదు. అందుకని గుడి పొద్దున్నే పెట్టుకున్నాం. దీపావళి ఇంకా వారం ఉంది. అది దాటిందంటే కార్తీకమాసం, నెల్లాళ్ళు ఇంట్లో నీచు వండరు. చీరమేను తినాలంటే ఇప్పుడే తినాలి.

పెసరట్టు ఉప్మా కానిచ్చి ఏడింటికల్లా బయల్దేరాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరూ, ముందు సీట్లో అమ్మమ్మ. మా ఆయనది కరీంనగర్. గోదావరి అంటే ఆయనకు ధర్మపురి. ఆ నదే ఇక్కడికొచ్చి ఇన్ని పాయలు, ఇన్ని కాలవలు అయిందంటే చూస్తూ కూర్చున్నారు. కరప దాటాక రోడ్డుకు రెండువైపులా వరి ఈనిక మీద ఉంది. "మా దగ్గర నీళ్ళు రావాలని బోర్లు వేస్తం, మీ దగ్గర నీళ్ళు పోవాలని డ్రెయిన్లు తవ్వుతరు" అన్నారు. నేను పుట్టి పెరిగిన చోటు గురించి ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి. ఇక్కడి మాణిక్యాంబ అమ్మవారిది అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా లెక్క. భీమేశ్వరస్వామి లింగం రెండు అంతస్తుల ఎత్తు ఉంటుంది కాబట్టి అభిషేకం పై అంతస్తులో చేస్తారు. పిల్లలకు ఆ మెట్లెక్కడం నచ్చింది. నాకు మాత్రం ఎప్పుడొచ్చినా గోడల దగ్గరే ఆలస్యం అవుతుంది. ఎక్కడ చూసినా శాసనాలే. చాలావాటిలో ఉన్నది యుద్ధాలూ బిరుదులూ కాదు, స్వామివారి అఖండదీపానికి నెయ్యి కోసం ఫలానావారు ఇన్ని గొర్రెలు ఇచ్చారన్న లెక్కలు. మా అమ్మాయి వేలితో తడుముతూ ఒక్క అక్షరమైనా గుర్తుపట్టాలని చూసింది. చివరికి ఒక 'న' దొరికిందంది. అది 'న' అవునో కాదో చెప్పేంత చదువు మా ఎవరికీ లేదు.

అక్కడి నుంచి యానాం. ఊరు పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి బోర్డు దాటగానే బండ్ల నంబర్లు పీవై అని మారతాయి, పెట్రోలు రేటు మారుతుంది, మద్యం షాపుల ముందు ఆంధ్రా బండ్లు బారులు తీరి ఉంటాయి. భాష మాత్రం అదే తెలుగు, ఆ 'ఆయ్' కూడా అదే. పిల్లాడు ఇది వేరే రాష్ట్రమా అని అడిగాడు. అమ్మమ్మ వెనక్కి తిరిగి, "రాష్ట్రం ఏంట్రా, మా అమ్మ పెళ్ళప్పుడు ఇది వేరే దేశం. మా అమ్మ పెళ్ళి ఫ్రాన్సులో అయింది" అంది.

అబద్ధమేమీ కాదు. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకొచ్చి, పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరమైంది. ఆ చట్టం బ్రిటిషు వాళ్ళ ఏలుబడిలోనే. యానాం ఫ్రెంచివాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పెళ్ళివారిని బళ్ళకెత్తుకుని ఇక్కడికొచ్చి తాళి కట్టించుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. మా ముత్తమ్మమ్మకు అప్పుడు ఎనిమిదేళ్ళట. ఇంట్లో ఈ కథ ఎప్పుడూ నవ్వుతూనే చెప్పుకుంటారు. "మరి ఆవిడ స్కూలు?" అని మా అమ్మాయి అడిగితే, "పెళ్ళయ్యాక మాన్పించేశారమ్మా" అంది అమ్మమ్మ. తరవాత కాసేపు కారులో నవ్వు లేదు.

దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న యానాం ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. కాగితాల మీద మన దేశంలో కలవడానికి 1962 దాకా పట్టింది. ఊళ్ళో ఆనాటి గుర్తుల్లో నాకు ఇష్టమైంది 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి. గోదావరి గట్టున పెద్ద శివలింగానికి ఏనుగులు అభిషేకం చేస్తున్నట్టు కట్టినదాని దగ్గర పిల్లలు తనివితీరా ఫోటోలు దిగారు.

భోజనం మా పిన్ని వాళ్ళింట్లో. చీరమేను అంటే గోదావరి సముద్రంలో కలిసే చోట, వరదలు తగ్గి తూర్పుగాలి తిరిగాక దొరికే సన్నచేప. వలకు దొరకనంత చిన్నది కాబట్టి చీరలతో పడతారు. చీర అమ్ముకునైనా చీరమేను తినాలని ఇక్కడి మాట. రేటు చూస్తే ఆ మాట ఉత్తినే రాలేదనిపిస్తుంది. కిలోల్లెక్కన కాదు, గ్లాసుల్తో, సేర్లతో కొలిచి అమ్ముతారు. మేం వెళ్ళేసరికి పిన్ని దొడ్లో పీట వేసుకుని, బేసిన్లో ఉప్పూ పసుపూ వేసి కడుగుతోంది. పొట్ట తీయడాలు, ముక్కలు కోయడాలు ఏమీ ఉండవు. నాచూ చెత్తా ఏరి, నీళ్ళు తేటపడేదాకా కడగడమే పని, ఆ పనికే గంట పట్టింది. సగం చింతకాయ వేసి కూర, సగం గారెలు. "ఇవి కళ్ళా?" అన్నారు మా ఆయన కూరలోకి వంగి. "కళ్ళేనండి అల్లుడుగారూ, చూడకుండా తినేయండి ఆయ్" అంది పిన్ని. మొదటి ముద్దకు మొహమాటపడ్డ మనిషి గారెలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. పిల్లలు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు, వాళ్ళ ఖర్మ.

కోరంగి చేరేసరికి నాలుగు దాటింది. సముద్రం పాటు మీద ఉంది, నీరు వెనక్కి తీసి పాయలో నీళ్ళు లేవు, బోటు కదలదన్నారు. మడ అడవిలో చెక్కల దారి మీద నడిచాం. కిందంతా బురద, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య ఒక డెక్క పెద్దగా ఉన్న ఎర్ర పీతలు. ఇప్పుడు ఇలా ఉంది కానీ ఇది ఒకప్పుడు పెద్ద రేవు. 1789, 1839 ఉప్పెనలు ముంచేశాయి, తరవాత మేట వేసి ఓడలు రావడం మానేశాయి. ఇక్కడినుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన మన కూలీలను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. పడవ నడిపే పెద్దాయన ఈ చరిత్రంతా పట్టించుకోలేదు. "96 తుపానులో ఈ మడే కాసిందండి మమ్మల్ని" అని ఒక్క మాట చెప్పి బీడీ వెలిగించుకున్నాడు.

కాకినాడలో దిగి గొట్టం కాజాలు కట్టించుకున్నాం. దాన్ని మధ్యలో కొరికితే లోపలి పాకం చొక్కా మీద కారుతుంది. ముందు ఒక కొస కొరికి, పాకం పీల్చి, ఆ తరవాత తినాలి. మా ఆయనకు ఈ సంగతి ఎవరం చెప్పలేదు.