ఆదివారం రాత్రి కడుపునొప్పి

మా వాడికి కడుపునొప్పి ఆదివారం రాత్రి మొదలై, సోమవారం బడిగంట దాటాక తగ్గేది. స్కానింగులో, రక్తపరీక్షల్లో ఏమీ లేదు. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం అన్నీ అయ్యాకే హన్మకొండలో పిల్లల మానసిక చికిత్సకు వెళ్లాం. బడి భయం అన్నారు. నొప్పి నటన కాదు, భయానికి కడుపు నిజంగానే మెలిపెడుతుంది.

మొదటి తప్పు మాదే. ‘భద్రకాళి చెరువు కాడికి పోదాం’ అని తీసుకెళ్లాం. రెండు వారాలు వాడు నోరు విప్పలేదు. ముందురోజే ఉన్నదున్నట్టు చెప్పాలి: సూది ఉండదు, ముప్పావుగంట మాటలు, ఆట, బొమ్మలు, అమ్మ బయటే కూర్చుంటుంది. తిరుగు బస్సులో ‘లోపల ఏం చెప్పినవ్ బిడ్డా?’ అని గుచ్చి అడగొద్దు. ప్రమాదకరమైనదేదైనా ఉంటే థెరపిస్టే చెబుతారు.

అసలు పని మిగతా ఆరు రోజుల్లో ఇంట్లోనే. ముందు బడిలో ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అన్నది తేల్చుకోవాలి. నిజమైన ఆపద ఉన్నచోటికి పిల్లాణ్ని నెట్టడం చికిత్స కాదు. ఆ తర్వాత భయాన్ని 0 నుంచి 10 దాకా అంకెల్లో చెప్పించి మెట్లు రాశాం. బడి విడిచాక గేటు దాకా వెళ్లి రావడం 3. ఖాళీ తరగతిలో పది నిమిషాలు 4. ఒక్క పీరియడ్ 6. మధ్యాహ్న భోజనం దాకా 8. రోజంతా 10. ప్రతి మెట్టు మీదా అంకె సగానికి పడేదాకా ఆగాలి, మళ్లీ మళ్లీ చేయాలి. అంకె పైన ఉండగానే ఇంటికి తెచ్చేస్తే, తప్పించుకుంటేనే నెమ్మది అని మనసు నేర్చుకుంటుంది. మర్నాడు భయం ఇంకా ఎక్కుతుంది.

ఇంట్లో ఉన్నరోజు బడివేళల్లో టీవీ, ఫోన్ ఉండకూడదు. మాకు ఇక్కడే చెడింది. ‘పానం బాగలేని పోరడు, సూడనియ్యిరి’ అని అత్తమ్మ రిమోట్ ఇచ్చేది. ఒక్క అమ్మే చికిత్సకు వెళ్తే ఇంట్లో రెండు నియమాలు నడుస్తాయి. అందుకే నాలుగో వారం మా ఆయనతోపాటు అత్తమ్మనూ తీసుకెళ్లాం. పొద్దున్నే అంకె అడిగి క్యాలెండర్ మీద రాసే పని ఆమెకే అప్పగించారు. రిమోట్ బీరువాలోకి పోయింది.

వారం వారం పట్నం రాలేని ఊళ్లవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలిమానస్ 14416 ఉంది; తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

పెద్ద సెలవులు మళ్లీ మొదటికి తెస్తాయి. పోయినేడు దసరా తర్వాత 2 కాస్తా 7 అయింది. ఈసారి బడి తెరవడానికి రెండు రోజుల ముందే యూనిఫాం వేసి గేటు దాకా నడిపించాం. తెరిచిన రోజు అత్తమ్మ క్యాలెండర్ మీద 4 వేసింది. ‘కడుపు నొస్తుంది’ అన్నాడు, టిఫిన్ డబ్బా పట్టుకుని పోయిండు.