పటియాలాలో కోచ్ చదువు: నా అనుభవం

డిగ్రీలో ఉన్నప్పుడు యూనివర్సిటీ తరఫున 5,000 మీటర్లు, క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా ఎత్తుపల్లాల నేల మీద పరుగు) పరిగెత్తాను. ఇక కోచింగ్‌లోకి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు, గ్రూప్స్ రాయమన్నారు. 2016లో మన అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్ గారికి, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆ పేపర్ కటింగ్ చూపించాకే నాన్న మెత్తబడ్డాడు. గ్రౌండ్‌లో సీనియర్లదేమో ఒకటే మాట: "ముందు ఎన్ఐఎస్ చేసిరా తమ్ముడూ."

ఎన్ఐఎస్ అంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ. 1961లో మహారాజుల మోతీబాగ్ ప్యాలెస్‌లో పెట్టారు. అథ్లెటిక్స్ డిప్లొమా సీటు కోసం రాతపరీక్ష, ఫిట్‌నెస్ టెస్టులు గట్టెక్కాలి. ఆడిన స్థాయి సర్టిఫికెట్లూ చూస్తారు. పటియాలా చలి, పొద్దున్నే కమ్మేసే పొగమంచు కొన్నాళ్లకి అలవాటైపోయాయి. అన్నం మీద బెంగ మాత్రం చివరిదాకా పోలేదు.

లాంగ్ డిస్టెన్స్ వాణ్ని కదా అని అక్కడ వదిలిపెట్టరు. జావెలిన్, లాంగ్‌జంప్, హర్డిల్స్ అన్నీ నేర్చుకోవాలి, నేర్పించాలి. నాకు కోచింగ్ అంటే ఏంటో తెలిసింది హర్డిల్స్ దగ్గరే. అమ్మాయిల 100 మీటర్లలో మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకి ఒకటి. కొత్తపిల్లకి ఆ దూరాలు పెడితే హర్డిల్ నుంచి హర్డిల్‌కి మూడు అంగల్లో అందుకోలేదు, భయంతో ఆగిపోతుంది. అందుకే దగ్గరగా జరిపి, ఎత్తు తగ్గించి మొదలుపెట్టాలి. పక్కన నిలబడితే ఎంత దూరంలో పైకి లేచిందో తెలుస్తుంది. వెనక కాలు, అంటే హర్డిల్‌ని రెండోసారి దాటే కాలు, సరిగ్గా వస్తోందా లేదా అన్నది ఎదురుగా నిలబడితేనే కనిపిస్తుంది. మా సార్ ప్రతిసారీ "ఏం చూశావ్?" అని అడిగేవారు. "బాగా చేసింది సార్" అంటే ఊరుకునేవారు కాదు. నాలుగు తప్పులు కనిపించినా పిల్లకి ఒక్కటే చెప్పాలి, అదీ చిన్నమాటలో. వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో 100 మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో పరిగెత్తిన వీడియో ఇప్పుడు చూసినా నా కళ్లు ముందు ఆ వెనక కాలు మీదికే పోతాయి.

ఫిజియాలజీ, బయోమెకానిక్స్ చదివితే వస్తాయి. ట్రైనింగ్ ప్లాన్ రాయడమే కష్టం. మీట్ (పోటీ) తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. వైవాలో "ఈ స్పీడ్ వర్క్ లాంగ్ రన్ తర్వాతి రోజు ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. కాళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు వేగం నేర్పలేం, పైగా కండరం పట్టేస్తుంది అని చెప్పాను. సార్ తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లారు. అప్పటిదాకా ఉన్న టెన్షన్ అక్కడితో పోయింది.

ఇప్పుడు ఒక కాలేజీలో క్రాస్ కంట్రీ టీమ్‌ని చూస్తున్నాను. ప్రపంచ పోటీల్లో టీమ్‌కి ఆరుగురు దిగితే మొదటి నలుగురి స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చినవాళ్లదే గెలుపు. మా పిల్లలకీ ఆ లెక్కే నేర్పుతున్నాను. మొదటివాడి గురించి నాకు దిగుల్లేదు. నాలుగోవాడు ఎక్కడం బాగానే ఎక్కుతాడు గానీ, దిగేటప్పుడు వెనక్కి వాలిపోయి ప్రతి అడుగుకీ బ్రేకు వేస్తాడు. కాలేజీ వెనక చిన్న మట్టిదిబ్బ ఉంది. ఈ నెలంతా వాడికి అక్కడే ప్రాక్టీసు.