పర్మిట్ గోల

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం భోజనాల దగ్గర ఈశాన్య రాష్ట్రాల ప్రయాణం సంగతి వచ్చినప్పుడు బావగారన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది.

"మన దేశంలో మనం తిరగడానికి పర్మిట్ ఏంటమ్మా? ఆ నాగాలాండ్ తీసెయ్. గువాహటి, షిల్లాంగ్, కాజీరంగ చాలు."

ఈయనేమో పెరుగన్నం కలుపుకుంటూ తలూపారు. అక్క నా వైపు చూసి నవ్వి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. అక్కడ ఊరుకున్నదంతా ఇక్కడ కక్కుతున్నాను, భరించండి.

బయటివాళ్ళు నాగాలాండ్‌లో అడుగు పెట్టడానికి తీసుకోవాల్సిన ఈ ఇన్నర్ లైన్ పర్మిట్ నిన్నా మొన్నా పెట్టింది కాదు, 1873 నాటి నిబంధన. బ్రిటిష్ వాళ్ళు నాగాల మీద ప్రేమతో పెట్టలేదు, అస్సాంలో తమ వ్యాపారం కోసం పెట్టుకున్నారు. ఇప్పుడు మాత్రం బయటివాళ్ళు వచ్చి నిండిపోకుండా అదే అడ్డుగా ఉంది. ఆధార్, ఫొటో పెట్టి ఆన్‌లైన్లో అడిగితే వచ్చేదానికి ఇంత రాద్ధాంతమా?

పైగా ఈ మాట అన్నదెవరు? బాబుగాడి ఎంసెట్ అప్పుడు "మావాడు లోకలే" అని నిరూపించడానికి నెలంతా బడుల చుట్టూ తిరిగిన మనిషి! వాడు మధ్యలో రెండేళ్ళు బెంగళూరులో చదివాడు కదా, ఆ స్టడీ సర్టిఫికెట్ల కోసం ఇల్లంతా టెన్షన్. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి ఉంచే ఆ ఏర్పాటుకి మూలం రాజ్యాంగంలో 371డి అధికరణం. అదే వరుసలో 371ఎ నాగాలాండ్‌ది. నాగాల ఆచారాలు, వాళ్ళ కట్టుబాట్ల చట్టం, భూమి, వీటి మీద పార్లమెంటు చేసిన చట్టం వాళ్ళ అసెంబ్లీ ఒప్పుకుంటేనే అక్కడ చెల్లుతుంది. మనకైతే హక్కు, వాళ్ళకైతే గోలా?

ఇంతవరకూ టైపు చేసి మంచినీళ్ళు తాగొచ్చాను. చదువుకుంటే ఈ పోలిక అంత అతకలేదనిపిస్తోంది. మనది 1972 జై ఆంధ్ర గొడవల తర్వాత ఉద్యోగాల, సీట్ల సర్దుబాటు. వాళ్ళది ఏళ్ళ తరబడి తుపాకుల మధ్య బతికాక, కేంద్రంతో నాగా నాయకులు చేసుకున్న 1960 ఒప్పందంతో వచ్చింది. ఆ తర్వాతే 1963 డిసెంబర్ 1న రాష్ట్రమైంది. ఒప్పందాన్ని కాదన్నవాళ్ళూ ఉన్నారు, కాల్పులూ ఆగలేదు. మా ఇంటి ఎంసెట్ కష్టాన్ని దాని పక్కన పెట్టడం ఏం బాగుంటుంది? బావగారికి ఈ వాదన చెప్పకపోవడమే మంచిదైంది.

అయినా నాగాలాండ్ రాజధాని కోహిమా వెళ్ళొచ్చిన ఈయనకి నోరేమైందో! మేం అక్కడున్నప్పుడు ఆదివారం వచ్చింది. ఊరు ఊరంతా చర్చిలో ఉంది, ఒక్క కొట్టు తెరిస్తే ఒట్టు. మేం బస చేసిన ఇంటావిడ చర్చి నుంచి వచ్చి, మా మొహాలు చూసి, గల్హో వండి పెట్టింది. బియ్యం, ఆకుకూరలు కలిపి జారుగా ఉడికిస్తారు, పప్పెయ్యని పులగంలా ఉంటుంది. పక్కన చిన్న గిన్నెలో రాజా మిర్చి పచ్చడి. "కొంచెమే" అని ఆవిడ వేలికొస చూపించింది. "మాది గుంటూరు" అని ఈయన చెంచాడు వేసుకున్నారు. 2007లో ప్రపంచంలోకెల్లా కారమని గిన్నిస్‌కెక్కిన భూత్ జొలోకియా కుటుంబం అది! తర్వాత ఎక్కిళ్ళు, కన్నీళ్ళు, ఆవిడ పరుగున తెచ్చిన అరటిపండ్లు. ఆవిడ ముసిముసిగా నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నం యుద్ధ సమాధుల దగ్గరికి వెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, డిప్యూటీ కమిషనర్ గారి టెన్నిస్ కోర్టుకి అటు జపాన్ వాళ్ళూ ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యమూ ఉండి కొట్టుకున్నారట. ఆ కోర్టు గీతలు ఇంకా ఉంచారు. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకి విడిగా స్మారకం ఉంది. మన పేరేమైనా కనిపిస్తుందేమోనని ఈయన ఒక్కొక్కటే చదువుతూ నిలబడ్డారు. డిసెంబర్ కదా, నాలుగున్నరకే చీకటి పడిపోయింది.

అక్క మాత్రం రావాలని ఉంది, నాకు తెలుసు. డిసెంబర్ మొదట్లో నాగాల హార్న్‌బిల్ పండుగ, గదులు దొరకవు. అక్టోబర్ చివరైతే దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చే అమూర్ డేగలు దిగుతాయి. పొద్దున్నే తనకి చెప్తాను. బావగారి పర్మిట్ మాత్రం ఆయనే తీసుకోవాలి.