మా మిద్దె మీద నుంచి బురుజు

నిన్న సాయంత్రం బట్టలు తీయడానికి మిద్దె ఎక్కితే కొండారెడ్డి బురుజు కనబడలేదు. మధ్యలో కొత్త అపార్ట్‌మెంట్‌కు ఐదో స్లాబ్ వేశారు. సెంట్రింగ్ కర్రల సందుల్లోంచి వెతికితే బురుజు పై అంచు బెత్తెడంత దొరికింది. మనసు చివుక్కుమంది. మా జేజి రోజూ దీపాల వేళ ఈ మిద్దె మీదే నిలబడేది. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసుల కోసం వేసిన డేరాల గురించి చెప్పేది.

ఎత్తైన బిల్డింగులకు నేను వ్యతిరేకం కాదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు మమ్మల్ని కాపాడింది ఎదురింటి మూడో అంతస్తే. రెండు రాత్రులు ముప్పై మందిమి అక్కడే ఉన్నాం. ఒక పెద్దామె దోసిళ్లతో బొరుగులు పంచింది.

కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. మా వీధి ఆ గీతకు అవతల ఉంది. మరి ఇక్కడి సంగతి ఎవరు మాట్లాడాలి?

అందుకే పొద్దున్నే మా వార్డు కార్పొరేటర్ ఇంటికి వెళ్లా. "అన్నా, వచ్చే కౌన్సిల్ మీటింగ్‌లో ఈ మాట ఎత్తండి. ఏ వీధుల నుంచి బురుజు కనబడాలో, ఫైర్ ఇంజన్ తిరిగేంత దారి ఉందో లేదో చూసి బిల్డింగ్ ఎత్తుకు అనుమతి ఇవ్వమనండి" అన్నా. "రాసియ్యప్పా, చదువుతా" అన్నాడు.

రెండు పేజీలు రాశా. ఈ రాత్రి వీధిలో సంతకాలు పెట్టించాలి.