చేపల లెక్కకి పాండాస్ ఎందుకండీ, డిక్షనరీ చాలు

విశాఖ ద్వారకానగర్ సైడ్ పైథాన్ నేర్చుకుంటున్న పిల్లల్ని ఎవర్ని కదిపినా డేటా అనగానే పాండాస్ (పట్టికల డేటాకి వాడే పైథాన్ లైబ్రరీ) అంటారు. లిస్ట్, సెట్, డిక్షనరీ (కీ అనే పేరు పక్కన దాని విలువ దాచుకునేది) ఇవేవో ఇంటర్వ్యూలో అడుగుతారని బట్టీ పట్టే బాపతు అన్నట్టు. పెద్ద డేటాకి పాండాస్ కావాల్సిందే, కాదనను, కానీ చిన్న లెక్కలకి నాకైతే ఇవే హాయి.

మా బాబాయి ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడుకుని హోటళ్ళకి చేపలేస్తాడు. ఆయన నోట్‌బుక్ లెక్కలు ఒక ఫైల్లోకి ఎక్కించా: తేదీ, చేప, కిలోలు, రేటు. ఒక్కో లైన్ ఒక టపుల్ (తర్వాత మార్చలేని లిస్ట్ లాంటిది), మొత్తం ఒక లిస్ట్, అంతే సంగతి.

ముందు చేపల పేర్లన్నీ ఒక సెట్‌లో పడేశా, సెట్‌లో డూప్లికేట్లు ఉండవు కాబట్టి ఎన్ని రకాలో తేలిపోతుందని. చూస్తే వంజరం ఉంది, కోనెం కూడా ఉంది, రెండూ ఒకటే చేప, బాబాయికి ఆ పూట ఏది నోటికొస్తే అది రాసేశాడు, కానగంత ఒకచోట కానాగంతలు ఇంకోచోట, పైగా చివర్లో స్పేస్ ఉన్న చందువా వేరు లేని చందువా వేరు, సెట్ లెక్కలో అవి రెండు చేపలే మరి. స్పేసులు స్ట్రిప్ కొడితే పోతాయి. పేర్లకి మాత్రం చిన్న డిక్షనరీ పెట్టా, కోనెం అంటే వంజరం అని, అందులో దొరక్కపోతే ఉన్న పేరే ఉంచెయ్ అని గెట్‌కి (డిక్షనరీలో కీ వెతికి, లేకపోతే మనమిచ్చిన రెండో విలువ తిరిగిచ్చేది) రెండో ఆర్గ్యుమెంట్‌గా ఆ పేరే ఇచ్చేశా.

తర్వాత నెలవారీగా ఏ చేప ఎన్ని కిలోలు. ఇక్కడ చాలామంది డిక్షనరీ లోపల ఇంకో డిక్షనరీ పెట్టి తిప్పలు పడతారు, అక్కర్లేదు, నెల, చేప కలిపి టపుల్ చేసి దాన్నే కీగా పెట్టొచ్చు. లిస్ట్‌ని కీగా ఇస్తే మాత్రం టైప్ఎర్రర్ కొడుతుంది, లిస్ట్‌ని తర్వాత ఎవరైనా మార్చెయ్యొచ్చు కదా, మార్చాక హాష్ (కీ ఎక్కడ దాచాలో చెప్పే అంకె) కూడా మారిపోతే పాత చోట దాచింది ఎక్కడ దొరుకుతుంది? కూడడానికి కలెక్షన్స్ మాడ్యూల్‌లో డిఫాల్ట్‌డిక్ట్ ఉంది, దానికి int ఇస్తే కీ లేకపోతే సున్నా నుంచి మొదలెడుతుంది. దాంతో ఒక పేచీ, ఊరికే చూద్దామని స్క్వేర్ బ్రాకెట్లలో లేని కీ అడిగినా దాన్ని సృష్టించి కూర్చుంటుంది. అందుకే కూడడం అయిపోగానే మామూలు డిక్ట్‌లోకి మార్చేస్తా.

వరసలో పెట్టే ఫంక్షన్ సార్టెడ్ గురించి ఒక్క ముక్క. 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్ దీనికి మూలం, స్టేబుల్ సార్ట్, అంటే ముందు తేదీ ప్రకారం సార్ట్ చేసి తర్వాత రేటు ప్రకారం చేస్తే ఒకే రేటున్నవి తేదీ వరసలోనే ఉండిపోతాయి. ఆ వరసలో డిక్షనరీలోకి ఎక్కిస్తే అదే వరసలో ప్రింటవుతుంది, పైథాన్ 3.7 నుంచి అది గ్యారంటీ.

ఇంక మే నెల. వంజరం లెక్క పన్నెండు నెలలకీ లూప్ తిప్పితే మే దగ్గర కీఎర్రర్, అంటే ఆ కీయే లేదని. మే ఎంట్రీలు టైప్ చెయ్యడం మర్చిపోయానేమో అని బాబాయికి ఫోన్ చేస్తే "మే నెల్లో ఏటుంటాదిరా, వేట బంద్ కదేటి!" అన్నాడు. నిజమే, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. గెట్‌తో సున్నా వచ్చేలా చేసి చూపించా. ఆయనకి నచ్చలేదు, సున్నా అంటే బేరం కుదరనట్టుంటాది, వేట బంద్ అని రాయి అన్నాడు. సరే అని గెట్‌లో సున్నా తీసేసి ఆ మాటే పెట్టా, వెంటనే కింద సమ్ పగిలింది, అంకెకి మాట కలపదు కదా. ఇప్పుడు లెక్కలో సున్నాయే ఉంది, ప్రింట్ చేసేటప్పుడు కీ లేని మే నెల పక్కన మాత్రం వేట బంద్ అని వస్తుంది.