తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఫిష్ సాస్

ఆఫీసు డబ్బుతో బయట భోజనం అంటే మా టీమ్‌లో ముందు మాట్లాడుకునేది మెనూ గురించి కాదు, పార్కింగ్ గురించి. శాన్‌ఫ్రాన్సిస్కో డౌన్‌టౌన్‌లో సాయంత్రం పూట కారు పెట్టడానికి చోటు వెతికేసరికి ఉన్న ఆకలి కాస్తా చచ్చిపోతుంది. అందుకని శాన్‌హోసే నుంచి అందరం కాల్‌ట్రెయిన్‌లో బయల్దేరాం. నెలల తరబడి మా ప్రాణాలు తోడేసిన డేటాబేస్ మైగ్రేషన్ ఎట్టకేలకు లైవ్‌కి వెళ్లింది. పెద్ద గొడవేమీ లేకుండా గట్టెక్కినందుకు మా డైరెక్టర్ ఇస్తున్న డిన్నర్ అది. కాంట్రాక్టర్లని పిలవొచ్చా కూడదా అని హెచ్‌ఆర్‌తో కొన్నాళ్లు మెయిళ్లు నడిచాయి. రాత్రి మూడింటికి ఫోన్ చేసి లేపేటప్పుడు మాత్రం ఈ సందేహం ఎవరికీ రాదు. చివరికి పిలిచారు.

వెళ్లింది ఒక ఫ్రెంచి-వియత్నామీస్ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి. పేరు చెప్పను, ఎందుకంటే మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, విసుక్కోవాల్సినవీ ఉన్నాయి.

లోపల పైన నింపాదిగా తిరిగే చెక్క రెక్కల ఫ్యాన్లు, పేము కుర్చీలు, పెద్ద పెద్ద కుండీల్లో మొక్కలు, గోడల నిండా పాత సైగాన్ (వియత్నాంలో ఇప్పటి హోచిమిన్ సిటీ) నలుపు తెలుపు ఫొటోలు. బల్లల మీద ఇస్త్రీ మడత చెదరని తెల్లగుడ్డలు. మా డైరెక్టర్ చుట్టూ చూసి, పాతకాలంలోకి వచ్చినట్టుందని మురిసిపోయాడు. మా టెస్టింగ్ లీడ్‌ది వియత్నాం కుటుంబం. ఆమె ఒక ఫొటో దగ్గర ఆగింది. వరండాలో తెల్లసూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చున్న దొరలు, వెనకాల ట్రేలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు. "ఇందులో మావాళ్లు నిలబడ్డవాళ్లు" అంది నాతో. నవ్వుతూనే అంది.

నాకు యానాం గుర్తొచ్చింది. మాది తాళ్లరేవు. బస్సెక్కితే యానాం ఎంతోసేపు పట్టదు. చిన్నప్పుడు మంగళవారం సంతకి వెళ్లేవాళ్లం. చుట్టూ ఇంగ్లీషువాళ్లు ఏలిన గోదావరి జిల్లా, మధ్యలో చారెడు ఫ్రెంచి నేల. శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లలకి పెళ్లిళ్లు చేయాలనుకున్నవాళ్లు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో శిక్ష పడుతుంది గనక యానాం వెళ్లి తాళి కట్టించుకొచ్చేవాళ్లట. ఆ ఊరి గొప్పల్లో దీన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు. 1954 మే 7న, అదే ఫ్రెంచివాళ్లు ఏలుతున్న వియత్నాంలో, దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం చేతులెత్తేసింది. ఆ మరుసటి నెలే యానాం కూడా వాళ్ల చెయ్యి జారింది. నవంబర్ 1 నాటికి పాండిచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిపి పాలనంతా భారతదేశానికి వచ్చేసింది. ఈ సంగతి చెబితే మా లీడ్ నమ్మలేదు. ఫోన్లో మ్యాప్ తీసి, గోదావరి పాయ పక్కన ఉన్న ఆ చుక్కని చూపించాల్సి వచ్చింది. వాళ్ల అమ్మమ్మ తాతయ్యలు అదే 1954లో దేశం రెండు ముక్కలైతే హనోయ్ వదిలి సైగాన్ వచ్చారట. 1975లో సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయాక వాళ్ల అమ్మానాన్నలు పడవెక్కి అదీ వదిలేశారు.

యానాంలో ఫ్రెంచివాళ్లు వీధులకి పేర్లు పెట్టారు, కొందరికి పౌరసత్వపు కాగితాలు ఇచ్చారు, వంటింటి గడప మాత్రం తొక్కలేదు. మా చుట్టాల ఇళ్లలో వెన్న వేసి చేపల పులుసు పెట్టినవాళ్లెవరూ నాకు తెలియదు. వియత్నాంలో అలా కాదు. రొట్టె, వెన్న, కాఫీ, గొడ్డుమాంసం అన్నీ అక్కడి ఇళ్లలోకి వెళ్లిపోయాయి. కాఫీ అయితే తోటలే వేశారు. ఇవాళ బ్రెజిల్ తర్వాత ప్రపంచంలో ఎక్కువ కాఫీ పండేది అక్కడే. ఫ్రెంచివాళ్లకి యానాం ఒక వ్యాపార మజిలీ, సైగాన్‌లో కాపురాలే పెట్టారు. తేడా అక్కడుందని నా అనుమానం.

ఇక మెనూ. మా టీమ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు శాకాహారి. గుడ్డు కూడా ముట్టడు. మెనూ తిరగేసి, "అక్కా, టోఫూ అని ఉంది, గ్రీన్ పపాయా సలాడ్ అని ఉంది, తినొచ్చు కదా?" అని మెల్లగా అడిగాడు. వెయిటర్ని అడిగితే రెండూ వెజిటేరియనే అని హామీ ఇచ్చేశాడు. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మా లీడ్ తలెత్తి, "ఫిష్ సాస్ లేకుండానా?" అంది. అతను లోపలికి వెళ్లి, కాస్త ఆలస్యంగా, కాస్త చిన్నబోయిన ముఖంతో వచ్చాడు. సలాడ్ మీద పోసేదాంట్లో ఉంది. స్ప్రింగ్ రోల్స్ నంజుకునేదాంట్లో ఉంది. టోఫూ సాస్‌లో ఉంది. నూడుల్స్‌లో సరేసరి.

ఇక్కడ ఉద్యోగానికొచ్చే మన శాకాహారులకి ఇది తెలిసి తీరాలి. మాంసం లేదంటే చేప లేదని కాదు, చేప లేదంటే చేపల రసం లేదనీ కాదు. నెత్తళ్ల లాంటి చిన్న చేపల్ని ఉప్పులో ఊరేసి, ఏడాది దాకా చెక్క పీపాల్లో మగ్గనిచ్చి, కిందికి దిగిన రసాన్ని పట్టేదే ఫిష్ సాస్. వియత్నాం వంటలో ఉప్పు చేసే పని చాలాచోట్ల ఇదే చేస్తుంది. చిత్రమేమిటంటే శాకాహారం వాళ్లకి కొత్తేమీ కాదు. బౌద్ధం పాటించే ఇళ్లలో అమావాస్యకీ పౌర్ణమికీ నీచు ముట్టనివాళ్లు ఎంతోమంది. వాళ్ల కోసం అనాసపండు, సోయాలతో చేసిన శాకాహారపు 'ఫిష్ సాస్' సీసాలు శాన్‌హోసే వియత్నాం కొట్లలో వరసగా పేర్చి ఉంటాయి. ఇన్ని హంగులున్న ఈ రెస్టారెంట్‌లో అది ఒక్క సీసా లేదు. చివరికి మావాడికి నిమ్మగడ్డి, సోయా వేసి వేయించిన టోఫూ, తెల్లన్నం తెచ్చారు. మెనూలో లేనిది అడిగి చేయించుకున్నందుకు వాడు సిగ్గుపడుతూనే తిన్నాడు.

ఆ రాత్రికి అసలు పండగ పీత. డంజెనెస్ పీత అని పసిఫిక్ తీరంలో దొరికేది, చలికాలం సరుకు. మిరియాలు, వెల్లుల్లి, వెన్న పట్టించి చిప్పతో సహా కాల్చి పళ్లెంలో పెట్టారు. పక్కన గార్లిక్ నూడుల్స్. పీత కాళ్లు పగలగొట్టడానికి ఒక పటకారు, కండ లాగడానికి సన్నటి ముళ్లచెంచా. డైరెక్టర్ ఆ పటకారుతో ఒక కాలిని పట్టుకుంటే అది జారి నీళ్ల గ్లాసుకి తగిలింది. గోదావరి మండపీతలు తిని పెరిగినదాన్ని, నాకా పనిముట్లతో పనేముంది? కీలు దగ్గర వంచి విరిచి, కండ ముక్క చెదరకుండా లాగేశాను. ఎదురుగా మా లీడ్ కూడా అదే పని. వేళ్లకంటిన వెన్న, మిరియాలు, అడుగున ఎక్కడో తెలిసీ తెలియని చేపల ఉప్పదనం. కాసేపటికి డైరెక్టర్ కూడా పటకారు పక్కనపెట్టి చొక్కా చేతులు మడిచాడు. ఏడాదంతా స్టేటస్ మీటింగుల్లో రెడ్, ఎల్లో, గ్రీన్ అంటూ మా పీకల మీద కూర్చున్న మనిషి వేలు నాకుతుంటే చూడ్డానికి బాగుంది, నిజం చెప్పాలంటే.

ఈ పీత, నూడుల్స్ జతకి ఈ ఊళ్లోనే ఒక చరిత్ర ఉంది. ఆన్ కుటుంబం వాళ్లు 1971లో ఇక్కడ సముద్రం వైపు సన్‌సెట్ ప్రాంతంలో ఒక చిన్న కొట్టు కొన్నారు. అదే థాన్ లాంగ్ రెస్టారెంట్ అయింది. 1975లో సైగాన్ పడిపోయాక ఆ ఇంటి కోడలు హెలెన్ ఆన్ శరణార్థిగా వచ్చి వంటగది చేపట్టింది. కాల్చిన పీతకీ గార్లిక్ నూడుల్స్‌కీ పేరు తెచ్చింది ఆమే. ఆ రెండూ వండే గదిలోకి ఇప్పటికీ కుటుంబం వాళ్లకి తప్ప ప్రవేశం లేదంటారు. మిగతా రెస్టారెంట్లన్నీ ఆ రుచిని అందుకోవాలని చూస్తున్నవే. వెల్లుల్లి, వెన్న, ఫిష్ సాస్, కాస్త చీజ్, వీటితోపాటు ఇంకోటి పడుతుందని మా లీడ్ చెప్పింది: మ్యాగీ. మన రెండు నిమిషాల మ్యాగీ కాదు, మ్యాగీ సాస్. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆ నల్లటి సాస్ సీసా వియత్నాం ఇళ్లలో వంటగట్టు మీద తప్పకుండా ఉంటుందట.

కోడికూర కూడా తెప్పించాం. 'కా రి' అంటారు. కొబ్బరిపాలు, చిలగడదుంప, నిమ్మగడ్డి, పసుపుపచ్చటి మసాలా పొడి, ముంచుకోవడానికి బాగెట్ రొట్టె. మసాలా వాసన రాగానే గుంటూరు కుర్రాడు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పొడి ఫ్రాన్స్ నుంచి రాలేదు, చైనా నుంచీ రాలేదు. ఫ్రెంచి కాలంలో పాండిచ్చేరి, కారైకాల్ నుంచి గుమాస్తాలుగా, పోలీసులుగా సైగాన్ వెళ్లినవాళ్లు, వడ్డీ వ్యాపారానికి వెళ్లిన చెట్టియార్లు పట్టుకెళ్లిన రుచి అది. వాళ్లు కట్టుకున్న మారియమ్మ గుడి సైగాన్ నడిబొడ్డున ఇప్పటికీ ఉంది. మన ఐటీ వాళ్లకంటే ముందే దూరదేశం పోయి ఇంటికి డబ్బు పంపినవాళ్లు వాళ్లు. మెనూలో మాత్రం ఫ్రెంచి, వియత్నాం అని రెండే పేర్లున్నాయి.

బో లుక్ లాక్ అనే గొడ్డుమాంసం ముక్కల ధర 45 డాలర్లు. వేడి పెనం మీద కుదుపుతూ వేయించి, పచ్చి ఆకుకూర మీద పరిచి, నిమ్మరసంలో ఉప్పు మిరియాలు కలిపి పక్కన ఇస్తారు. మాంసం మెత్తగా ఉంది, కాదనను. కానీ నోరూరుకోదు కదా. "స్టోరీ రోడ్‌లో ఇది సగం ధరకే వస్తుంది" అన్నాను. స్టోరీ రోడ్ అంటే శాన్‌హోసేలో వియత్నాం వాళ్ల పేట.

మా లీడ్ ఫోర్క్ కింద పెట్టింది. "ఇటాలియన్ హోటల్లో ఉడకబెట్టిన గోధుమపిండికి ముప్పై డాలర్లు ఇస్తావు. అప్పుడు మాట్లాడవు. మాది మాత్రం ఎందుకు చవగ్గా ఉండాలి?" అని మొదలుపెట్టింది. వాళ్లమ్మకి ఒకప్పుడు చిన్న ఫో (నూడుల్స్ సూప్) కొట్టు ఉండేది. రాత్రంతా ఎముకలు సన్నసెగ మీద మరిగించి పొద్దున్నే తెరిచేది. గిన్నెకి ఒక డాలర్ పెంచితే ముందు అలిగి వెళ్లిపోయింది సొంతవాళ్లేనట. "మా ఫూకుయోక్ దీవి ఫిష్ సాస్‌కి 2012లో యూరప్ వాళ్లు వాళ్ల వైన్లకి ఇచ్చినట్టే ఊరి పేరు మీద రక్షణ ఇచ్చారు. ఎవరైనా దానికి విలువ కట్టారంటే నాకు సంతోషమే. తెల్లగుడ్డ పరిస్తే ఇంకా సంతోషం."

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. సన్నీవేల్‌లో పెసరట్టు ఉప్మా ధర చూసి "ఇండియాలో అరవై రూపాయలు" అని వాట్సాప్ గ్రూపులో ఏడ్చేది మనవాళ్లే. అదే మనుషులు పక్క షాపులో ఏడు డాలర్ల కాఫీకి కార్డు గీకి, పైన టిప్పు కూడా ఇచ్చి వస్తారు. ఆ పెసరట్టు వెనక పొద్దున్నే పప్పు రుబ్బినవాళ్ల కూలి, ఈ ఊరి అద్దె, ఇన్సూరెన్స్ ఉంటాయని ఎవరికీ తట్టదు. అలాగని ఆమె మాట పూర్తిగానూ ఒప్పుకోలేకపోయాను. వంటగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వినిపిస్తున్నది స్పానిష్. వండుతున్నవాళ్లు మెక్సికో వాళ్లు. 45 డాలర్లలో వాళ్లమ్మ లాంటివాళ్లకి చేరేది ఏముంది? గోడ మీది ఫొటోలో ట్రేలు పట్టుకున్నవాళ్లకి ఇక్కడా కుర్చీ దొరకలేదు కదా అన్నాను. "అదీ నిజమే" అంది, ఇంకో పీతకాలు అందుకుంటూ.

బిల్లు వచ్చింది. 8.625 శాతం సేల్స్ ట్యాక్స్. ఎక్కువమంది వచ్చాం గనక 20 శాతం సర్వీసు వాళ్లే వేసేశారు. కింద 'ఎస్‌ఎఫ్ మ్యాండేట్స్' అని ఇంకో వడ్డన, అంటే ఉద్యోగుల ఆరోగ్య ఖర్చుల కోసం నగరం పెట్టిన నిబంధనని మన ప్లేటులో వడ్డించడం. డైరెక్టర్ చూడకుండానే కంపెనీ కార్డు ఇచ్చేశాడు. తర్వాత ఫైనాన్స్ వాళ్లు ఎవరెవరు తిన్నారో పేర్లు రాసి పంపమన్నారు. కాంట్రాక్టర్ల పేర్లకి విడిగా ఒక కాలమ్.

ఆ శనివారం మా లీడ్ నన్ను స్టోరీ రోడ్‌కి లాక్కెళ్లింది, తనకి నచ్చిన బాన్ మీ తినిపిస్తానని. పైపెంకు పెళుసుగా, లోపల దూదిలా ఉన్న రొట్టె, అందులో పాటే (మెత్తగా నూరిన కాలేయం ముద్ద) పూత, మాంసం, ఊరగాయ ముల్లంగి, క్యారెట్, పచ్చిమిర్చి. లైను బయటిదాకా ఉంది, డబ్బులు నోట్లలోనే తీసుకుంటారు. మా వంతు వచ్చేసరికి బోర్డు మీద పాత ధర చెరిపి అర డాలర్ పెంచి రాసి ఉంది. మా లీడ్ కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడతో వియత్నామీస్‌లో పోట్లాటకి దిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మన రైతుబజార్‌లో ఎవరైనా ఆ గొంతు ఇట్టే గుర్తుపడతారు. చివరికి పెద్దావిడ పాత ధరే తీసుకుని, మా వెనకాల నిలబడ్డవాళ్ల దగ్గర కొత్త ధర తీసుకుంది.