పరుగెత్తే ముక్కు, నడిచే బస్సు

"నాన్నా, నా ముక్కు పరుగెడుతోంది" అని మా అమ్మాయి అన్నప్పుడు, "ముక్కు కారుతోంది అనాలమ్మా" అని సరిదిద్దాను. ఇంగ్లీషులో ముక్కు కారడాన్ని 'రన్' అంటే పరుగెత్తడం అనే అంటారు, తను దాన్నే తెలుగులోకి దింపింది. తను ఆ మాటను తిరిగి అనడానికి ఒప్పుకోలేదు. "నీకు అర్థమైంది కదా, మళ్లీ ఎందుకు చెప్పాలి?" అని అడిగింది. విదేశంలో పిల్లలకు తెలుగు నేర్పుతున్న చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. దానికి నా దగ్గరున్న జవాబు, ఆలోచించిన కొద్దీ, మొదట ఉన్నంత గట్టిగా నిలవడం లేదు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న క్రియ 'సెట్'. సవరణ పని సాగుతుండగా 2011 నాటికి 'రన్' దాన్ని దాటిపోయింది. ఆ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయి, వాటిని వేరుచేయడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. మా అమ్మాయి చేత ఈ జాబితాను ఎవరూ వల్లె వేయించలేదు. ముక్కుకూ, కుళాయికీ, బస్సుకూ, వ్యాపారానికీ, ఉతికితే పోయే బట్టరంగుకూ, ఎన్నికల్లో అభ్యర్థికీ ఆ ఒక్క మాటే చాలునని వినీ వినీ గ్రహించింది. ఇంగ్లీషులో తనకు అంతగా అక్కరకొచ్చిన మాట తెలుగులో కాళ్లున్న వాటికే పరిమితమని చెబితే, పిల్లకు అది అన్యాయంగా తోచడంలో వింత లేదు.

అందుకే మాటకు మాట చెప్పడం మాని, పక్కపక్కన పెట్టి చూపించాను. వాళ్ల బస్సు పరుగెడితే మన బస్సు నడుస్తుంది. దుకాణం నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, సంసారం నడుస్తుంది. ఎన్నికల్లో అమెరికా అభ్యర్థి పరుగెడతాడు, మన అభ్యర్థి నిలబడతాడు. బ్రిటన్‌లోనూ నిలబడతాడనే అంటారు. ఈ చివరిది విని తను కడుపుబ్బ నవ్వింది. ఆ తర్వాత తనే ఎదురు ప్రశ్న వేసింది: "నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, టైం పట్టింది అంటావు కదా, ఎవరు ఎవరిని పట్టుకున్నారు?" మన 'పట్టు' కూడా 'రన్' లాంటిదేనని నాకు అంతవరకూ తట్టలేదు. పిల్లలకు తెలుగు నేర్పే వారికి నేను చెప్పగలిగినదల్లా ఇదే: విడి మాటలు కాదు, ముక్కు కారడం, నిద్ర పట్టడం వంటి జంటలను జంటలుగానే వినిపించండి.

అయితే తప్పు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టంగా ఉంది. క్రికెట్‌లో 'రన్స్'ను మన పత్రికలు 'పరుగులు' అనే రాస్తాయి. బంతి నేరుగా బౌండరీ దాటినా, బ్యాటర్ అడుగు కదపకపోయినా, అవి ఆరు పరుగులే. మా అమ్మాయి ముక్కు విషయంలో చేసిన పనినే భాషంతా కలిసి ఆటలో చేసింది, ఎవరూ సరిదిద్దలేదు, ఇవాళ అది శుద్ధమైన తెలుగు. నేను దిద్దుతున్న వాక్యాల్లో ఏది రేపటి వాడుక కాబోతోందో, ఏది మా ఇంటి గడప దాటకుండా ఆగిపోతుందో తేల్చడానికి నేనెవరిని?

అలాగని వదిలేయడానికీ మనసు రావడం లేదు. ఒకసారి ఫోన్‌లో తను అమ్మమ్మతో "కాగితాలు బయటికి పరుగెత్తాయి" అంది. కాగితాలు అయిపోయాయని దాని అర్థం. అమ్మమ్మకు బోధపడక గాలికి ఎగిరిపోయాయేమోనని మళ్లీ మళ్లీ అడిగింది. పిల్ల విసుగుతో ఇంగ్లీషులోకి మారిపోయింది, ఆ మాటలు అమ్మమ్మకు అందలేదు, సంభాషణ అక్కడే ఆగింది. "నీకు అర్థమైంది కదా" అన్న వాదన నా దగ్గర చెల్లుతుంది, ఎందుకంటే నాకు ఆ ఇంగ్లీషు తెలుసు. అమ్మమ్మ దగ్గర చెల్లదు.

ఇప్పుడు తిరిగి చెప్పమని పట్టుబట్టడం మానేశాను. తను ముక్కు పరుగెడుతోందంటే, "కారుతోందా? ఉండు, రుమాలు తెస్తాను" అంటాను, అంతే. ఆ మాట తన చెవిలో నిలుస్తోందో, రుమాలు మాత్రమే అందుతోందో నాకింకా తెలియడం లేదు.